చప్పుడు చెయ్యని పడవ

ఏజెంట్ రోసల్ శవం ఒడ్డుకు కొట్టుకొచ్చేసరికి అతని చేతి గడియారం ఇంకా నడుస్తూనే ఉంది. చుట్టుపక్కల పేలుడు మందు ఉంటే కీచుమనే గడియారం అది. ఒక్కసారి కూడా అది కీచుమన్న దాఖలా లేదు. ఇప్పుడది అదే గూఢచారి సంస్థలో పనిచేసే ఎలీసెయో ఆర్సే మణికట్టుకి చేరింది.

మెక్సికోలోని లాపాజ్‌లో చేప టాకోల బండి దగ్గర, నిమ్మచెక్క పిండుకుంటూ చీఫ్ బెర్మూదెస్ సంగతంతా నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. సాన్ ఎలీజో అఖాతం మీద ఓ విదేశీ రేవుల ముఠా కన్నేసింది. తిమింగలాలు పిల్లల్ని ఈనే చోటు కాబట్టి అక్కడ రేవు కట్టడానికి వీల్లేదు. ఆదివారం పర్యావరణ మంత్రి వాటిని చూడ్డానికి పడవెక్కుతోంది. ఆ పడవ తిరిగి రాకపోతే తప్పంతా ఊరి పడవవాళ్ళ మీదకి తోసి, ఊరు ఖాళీ చేయించి, అఖాతాన్ని ముఠాకి ధారపోస్తారు.

"మంత్రి పక్కన మన మనిషి ఉంటుంది. రెనాతా. ముఠాలో చేరి మనకి కబుర్లు పంపుతోంది. 'గాలి పడమటి నుంచా?' అని అడుగు. 'కాదు, ఎడారి నుంచి' అంటే ఆవిడే."

"అది మా అమ్మ పుట్టిన ఊరు, చీఫ్."

"అందుకేగా నిన్ను పంపేది."

ఎలీసెయోకి ఒళ్ళు మండిపోయింది. పెట్టుడు గడ్డం, బైనాక్యులర్సు తగిలించుకుని, ముఠా తరఫున రెనాతా నడిపే ఎకోటూరిజం కంపెనీ యాత్రలో టూరిస్టుగా చేరాడు. కంచరగాడిద మీద కొండలెక్కాడు, నాగజెముళ్ళ మధ్య ఎడారి దాటాడు, ఆఖరికి తీరం చేరాడు. గడియారం మాత్రం కిక్కురుమనలేదు.

తీరంలో పడవ నడిపే తోమాసా పిన్ని అతన్ని చూడగానే పెదవి విరిచింది. "ఆ గడ్డం పీకెయ్‌రా. అచ్చం మీ నాన్నలా ఉన్నావు, నాకు కోపమొస్తోంది." ఊరు ఖాళీ చెయ్యమని సూటు వేసుకుని వచ్చినవాణ్ణి చేప పేగుల బకెట్టుతో సాగనంపానని కూడా చెప్పింది. మళ్ళీ వస్తే బకెట్ సిద్ధంగానే ఉందట.

ఆదివారం పొద్దున్నే రెనాతా దిగింది. తెల్ల టోపీ, ఎర్ర పెదాలు, చేతిలో బంగారు రంగు పౌడర్ డబ్బా. వెంట తళతళలాడే కొత్త తెల్ల పడవ. అది బ్యాటరీ మీద నడుస్తుందట, డ్రైవర్ కూడా అక్కర్లేదట, కంప్యూటరే చూసుకుంటుందట. ఈ పాత ఇంజన్ల రొద పాపం తిమింగలాలకి ఎంత బాధోనని ఆవిడ నిట్టూరిస్తే విలేకరులు చప్పట్లు కొట్టారు.

ఎలీసెయో పడవ నాలుగు మూలలా గడియారం తిప్పాడు. నిశ్శబ్దం. కోడ్ మాట అడిగాడు. సరిగ్గానే జవాబిచ్చింది.

"అంతా క్లియర్. బాంబు లేదు" అంది రెనాతా, చెవిలో.

మంత్రి ఎక్కింది. తెల్ల పడవ నీళ్ళ మీద జారిపోయింది. రెనాతా మాత్రం ఒడ్డునే నిలబడింది. కడుపులో తిప్పుతోందట.

ఎలీసెయో చెవులు రిక్కించాడు. ఏమీ వినపడలేదు. అప్పుడు చురుక్కుమంది. చిన్నప్పుడు ఇదే నీళ్ళలో, తిమింగలం దగ్గరికొచ్చిందన్న సంబరంలో ఇంజన్ ఆపేస్తే పిన్ని చెంప ఛెళ్ళుమనిపించింది. ఇంజన్ మోగుతుంటేనే మనమెక్కడున్నామో తల్లికి తెలుస్తుంది. చప్పుడు లేకుండా వచ్చేవి వెనకటి రోజుల్లో తిమింగలాల్ని వేటాడే ఈటెల పడవలు. పిల్ల పక్కన అలాంటిది కనబడితే తల్లి తోకతో పిండి చేసేది.

బాంబు లేని మాట నిజమే. ఆ నిశ్శబ్దమే బాంబు. రోసల్ చచ్చింది ఈ సంగతి కనిపెట్టే!

రెనాతా పౌడర్ డబ్బా తెరిచింది. అందులో అద్దం లేదు, దూరం నుంచే పడవని తిప్పే చిన్న చిన్న మీటలున్నాయి. ఎలీసెయో చెయ్యి పట్టుకునేలోగా దాన్ని నీళ్ళలోకి విసిరేసి, లిప్‌స్టిక్ ఆకారపు పిస్తోలు తీసింది.

"ఇక ఆ పడవని ఎవరూ తిప్పలేరు, ఆర్సే."

తోమాసా పిన్ని వెనకనుంచి వచ్చింది. బకెట్ సిద్ధంగానే ఉంది. చేప పేగులతో సహా అది రెనాతా నెత్తిన దిగింది. కాళ్ళూ చేతులూ వలతాడుతో బిగించేదాకా పిన్ని తిట్లు ఆపలేదు.

ఇద్దరూ పిన్ని పడవలోకి ఉరికారు. పాత ఇంజన్ తాడు లాగితే దగ్గింది. మళ్ళీ లాగితే గుర్రుమంది. దూరంగా తల్లి తిమింగలం నీటి మీద నిద్రపోతోంది. పిల్ల దాని పక్కనే ఉంది. తెల్ల పడవ నేరుగా వాటి మధ్యలోకే పోతోంది.

"మంత్రిగారూ, చెప్పు తీసి పడవని బాదండి! గట్టిగా!" అని అరిచాడు ఎలీసెయో, తెల్ల పడవ దగ్గరికి చేరుకుంటూ.

ఆవిడ ఎందుకని అడగలేదు. రెండు చెప్పులతోనూ బాదింది. పిన్ని తెడ్డుతో తన పడవ అంచుని మోగించింది. తెల్ల పడవ మూరెడు దూరంలో ఉండగా తల్లి కళ్ళు తెరిచింది. తోక లేచి, గాల్లో ఆగి, మెల్లిగా నీళ్ళలోకి దిగింది. పిల్లని వీపు చాటుకి నెట్టుకుని పక్కకి తప్పుకుంది. ఎలీసెయో తెల్ల పడవలోకి దూకి బ్యాటరీ తీగ పీకేశాడు. మంత్రిని పిన్ని పడవలోకి ఎక్కించి తనూ ఎక్కాడు.

కాసేపటికి తల్లి తనంతట తనే వచ్చి పిన్ని పడవ పక్కన తేలింది. అందరి మొహాల మీదా ఫెళ్ళున నీళ్ళు చిమ్మింది. ఈ ఊరివాళ్ళని కదిలించేవాడు ఎవడో నేనూ చూస్తానంది మంత్రి, మొహం తుడుచుకుంటూ.

ఎలీసెయో ఫోన్ మోగింది. చీఫ్.

"ఏమీ వినపడట్లేదయ్యా! ముందు ఆ దిక్కుమాలిన ఇంజన్ ఆపి మాట్లాడు."

పిన్ని ఫోన్ లాక్కుంది. "ఇక్కడ ఇంజన్ ఆపం బాబూ. నువ్వే కాస్త గట్టిగా మాట్లాడు."