మండలి మొదటి ఉత్తర్వు

కొరాపుట్ నుంచి రాయగడ వస్తున్న రైల్లోంచి దేవప్రసాద్‌ను తోసేశారు. పోలీసులు దూకేశాడని రాసి చేతులు దులుపుకున్నారు. ఆత్మహత్య చేసుకున్నవాడికి చర్చి శ్మశానంలో చోటు లేదన్నారు సంఘ పెద్దలు. గోడ బయట పూడ్చారు.

"హత్యేనని గవర్మెంటు కాయితం తెస్తే లోపలికి మారుస్తాడట పాస్టరు గారు. ఆ కాయితం తెచ్చియ్యి బాబూ. మా ఆయన దూకీసే మనిషి కాడు" అంది అతని భార్య, నర్సు దయావతి.

ప్రసన్న కుమార్ మాటిచ్చాడు. అతను సీక్రెట్ ఏజెంట్ అయితే కావచ్చు, ఆ మాట మాత్రం దేవప్రసాద్ స్నేహితుడిగా ఇచ్చాడు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది.

"సోమవారం కొరాపుట్‌లో సమాచార సాంకేతిక పర్యవేక్షణ మండలి ప్రారంభం. రెండు జిల్లాల టవర్లకీ, సర్వర్లకీ ఒకే మాస్టర్ కీ. విదేశీ ముఠా దాన్ని కాపీ చేయబోతోంది. మన ఇన్‌ఫార్మర్ దేవప్రసాద్ చివరి మెసేజ్ ఇది: ప్రారంభం రోజునే, అందరి ముందరే."

"అందరి ముందర ఎలా సార్?"

"అదే కనుక్కో. లోపల హరిప్రియ ఉంది. ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్. దొంగ దొరికితే కోడ్ వర్డ్, 'డీజిల్ లీకవుతోంది'."

సోమవారం ప్రసన్న కుమార్ జనరేటర్ మెకానిక్ వేషం కట్టాడు. నూనె మరకల చొక్కా, కాలర్‌లో మైకు, జేబులో పెన్ను, పెన్నులో కెమెరా. మిషన్ స్కూలు పాత హాల్లో రెండొందల మంది. స్టేజీ మీద సర్వర్, పక్కనే పట్టుచీరలో హరిప్రియ. అబ్బో, ఆవిడ మీంచి చూపు తిప్పుకున్నవాడు లేడు! "మా సలహాదారు" అని మురిసిపోతూ పరిచయం చేశాడు ఛైర్మన్ రమణమూర్తి. కొబ్బరికాయ కొట్టి, మాస్టర్ కీ సర్వర్‌లో పెట్టాడు. హాలు మిషన్‌ది కనక, రాయగడ నుంచి వచ్చిన ఆ పాస్టరే మైకు అందుకున్నాడు.

"ప్రార్థన చేద్దాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. సండే స్కూల్ నాటి అలవాటు, ప్రసన్న కుమార్ కూడా మూసేశాడు. పాస్టరు నారాయణపట్న నుంచి గుణుపురం దాకా ఒక్కో టవర్‌నీ పేరుపేరునా దీవిస్తున్నాడు.

ఛీ, నేనెందుకు మూసుకున్నాను!

కళ్ళు తెరిచాడు. రెండొందల తలలు వంగి ఉన్నాయి. హరిప్రియ చెయ్యి ఒక్కటే కదులుతోంది. సర్వర్‌కి పెన్‌డ్రైవ్, తెర మీద తొంభై ఆరు శాతం. చెప్పులు వదిలేసి చప్పుడు కాకుండా పరుగెత్తాడు. తొంభై తొమ్మిది దగ్గర లాగేశాడు.

"వదులు. దేవప్రసాద్‌ని తోయించినట్టే నిన్నూ రైల్లోంచి తోయిస్తాను" అని బుసకొట్టింది.

పెన్ను అంతా వింది. ఆవిడ చేతులకి బేడీలు పడ్డాయి.

"డీజిల్ లీకవుతోంది" అన్నాడు కాలర్ మైకులోకి.

"ఆమేన్" అన్నారు అందరూ.

ఛైర్మన్ గదిలో పెన్ను రికార్డింగ్ వినిపించాడు. రమణమూర్తికి చెమటలు పట్టాయి. ఆవిడని సలహాదారుగా పెట్టుకున్నది తనే మరి.

"చూసినవాళ్ళు ఉన్నారా?"

"అందరూ కళ్ళు మూసుకున్నారు సార్."

రమణమూర్తి అక్కడికక్కడే మండలి మొదటి ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఈ ఆవరణలో తీసిన ఏ రికార్డింగైనా మండలి రహస్యం. పెన్ను లాకర్లోకి వెళ్ళింది. హరిప్రియ బేడీలు విప్పించుకుని, ఛైర్మన్ కారులో భువనేశ్వర్ వెళ్ళింది. ఫోన్ చేస్తే చీఫ్, "కీ దక్కింది కదా, ఊరుకో" అన్నాడు.

సాయంత్రం రాయగడలో, ఆస్పత్రి గేటు దగ్గర దయావతి ఎదురొచ్చింది.

"కాయితం తెచ్చేవా?"

"లేదు వదినా." జరిగింది మొత్తం చెప్పాడు.

"మరి ఆ మండలోల్లు ఏటి సేస్తారు?"

"సమాచారాన్ని కాపాడతారు."

"ఎవలి నుంచి?"

"నీ నుంచే, వదినా."