గడ్డి తొడుగు రాక్షసుడు

2081 డిసెంబరు ముప్పై ఒకటి. సాయంత్రం నాలుగున్నరకే జపాన్‌లోని అకిత తీరంలో ఉన్న కుమోసావా గ్రామంలో చీకటి పడింది. పదకొండేళ్లుగా ఆ తీరాన మంచు నేల మీద నిలవడం లేదు. వీధి పొడవునా పరిచిన తెల్లటి పలకలు మాత్రం సముద్రపు గాలిలోని తేమను పట్టి, పలచగా గడ్డకట్టించి, శీతకాలపు పండుగలకు కాస్త కళ తెస్తున్నాయి. ఆ పలకల పక్కనుంచి డ్రైవర్ లేని వ్యాన్ ఒకటి మెల్లగా పోతోంది. అందులో ఇద్దరు మనుషులు, ఒక యంత్రం.

యంత్రం ఎత్తు ఆరున్నర అడుగులు. ఒంటి నిండా వరిగడ్డి తొడుగు, కొమ్ములున్న ఎర్రటి ముఖం, చేతిలో చెక్క కత్తి. ఏడాది చివరి రోజున ఇంటింటికీ వెళ్లి, "ఏడుపుగొట్టు పిల్లలున్నారా? బద్ధకస్తులున్నారా?" అని గద్దించే కొండరాక్షసుడు నమహగే వేషం అది. తరతరాలుగా ఊరి యువకులే ఆ వేషం కట్టేవారు. ఇప్పుడు ఊళ్లో యువకులు దాదాపు లేరు. అందుకని గ్రామసభ యంత్రాన్ని చేయించుకుంది.

దాన్ని చేసింది డాక్టర్ మేదిని. విజయనగరం నుంచి వచ్చి పదహారేళ్లుగా జపాన్‌లో పనిచేస్తున్న రోబో శాస్త్రవేత్త. ఊరు అడగని గుణం ఒకటి ఆమె యంత్రానికి జోడించింది. ఆ గుణానికి సత్యశ్రవణి అని పేరు పెట్టుకుంది. మనిషి అబద్ధమాడేటప్పుడు గొంతులో చెవికి అందనంత సన్నని వణుకు పుడుతుంది. ముక్కు కొసన చర్మం పావు డిగ్రీ చల్లబడుతుంది. ఊపిరి లిప్తపాటు నిలుస్తుంది. రాక్షసుడి కళ్లలోని థర్మల్ సెన్సర్లు, కొమ్ముల్లోని మైక్రోఫోన్లు ఈ మూడింటినీ కలిపి చదువుతాయి. ల్యాబ్‌లో నాలుగు వేలమంది మీద పరీక్షిస్తే ఒక్కసారి కూడా తప్పలేదు. కాని ల్యాబ్‌లో మనుషులు ఆడమంటే అబద్ధమాడారు. ప్రాణం మీదికొచ్చినట్టు దాచుకుంటూ ఆడే అబద్ధం దానికి ఇంతవరకూ దొరకలేదు. ఆ ఆలోచన మేదినిని పొద్దుటి నుంచి కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

పక్కన కూర్చున్న సుగావారాకు డెబ్బయ్యొక్కేళ్లు. ముప్పై ఏళ్లు నమహగే వేషం కట్టి, మోకాళ్లు అరిగాక మానేసినవాడు.

"మేదిని గారూ, ఆ అబద్ధాలు పట్టేది ఈ ఒక్క సాయంత్రానికి ఆపేస్తే ఏం పోతుంది?" అన్నాడు.

"రాక్షసుడు తప్పులు అడగడానికే కదా వెళ్లేది?"

"అడుగుతాం. తండ్రి ముందుకొచ్చి మా పిల్ల బంగారం, చెప్పిన మాట వింటుంది అంటాడు. అబద్ధమని మాకూ తెలుసు, పిల్లకీ తెలుసు. వాళ్లు పోసిన సాకే సారా తాగి, సరేనని లేచొచ్చేస్తాం. రాక్షసుడొస్తే నాన్న నాకు అడ్డం నిలబడ్డాడని పిల్ల పెద్దయ్యాక కూడా చెప్పుకుంటుంది. దానికోసమే వెళ్తాం."

"నిజం తెలిస్తే మాత్రం నష్టమేముంది?"

వ్యాన్ మొదటి ఇంటి ముందు ఆగగానే సుగావారా దిగాడు.

మొదటి మూడిళ్లలో బాగానే జరిగింది. కూర ముక్కలు కుక్కకు పెట్టేస్తున్న పిల్లవాణ్ణి, పళ్లు తోమకుండానే తోమానని చెప్పిన పిల్లను రాక్షసుడు ఇట్టే పట్టేశాడు. పెద్దలు పగలబడి నవ్వారు. మేదినికి మాత్రం తృప్తి కలగలేదు. ఇవన్నీ చిన్న అబద్ధాలు.

నాలుగో ఇల్లు తకుమిది. పడవలు బాగుచేసుకుంటూ, ఏడేళ్ల కూతురు ఇరోహాతో ఒంటరిగా ఉంటున్నాడు. భార్య రెండేళ్ల క్రితం ఒసాకా వెళ్లింది. సుగావారా యంత్రం వెంట లోపలికి వెళ్లాడు. మేదిని గుమ్మం బయట నిలబడింది. ఆమె చేతిలోని రిమోట్ మీద ఆపుమీట ఎర్రగా వెలుగుతోంది.

"ఈ ఇంట్లో మాట వినని పిల్ల ఉందా?" యంత్రం గొంతుకు తలుపులు అదిరాయి.

ఇరోహా తండ్రి వీపు వెనక దాక్కుంది. తకుమి చాప మీద మోకరిల్లి, సాకే గిన్నె రెండు చేతులా పట్టుకున్నాడు. "లేదు, నమహగే గారూ. మా పిల్ల చాలా మంచిది. పొద్దున్నే లేస్తుంది. అన్నం వదిలెయ్యదు. వాళ్లమ్మ వసంతకాలంలో వచ్చేస్తుంది."

యంత్రం తల ఒకవైపుకు వంచింది. "పొద్దున్నే లేస్తుంది. నిజం. అన్నం వదిలెయ్యదు. నిజం. వాళ్లమ్మ వస్తుంది. అబద్ధం."

సుగావారా గుమ్మం వైపు తిరిగి, ఆపమని చేత్తో సైగ చేశాడు. మేదిని వేలు మీట మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే రిమోట్ తెర మీద మూడు గీతలూ ఒక్కసారిగా లేచాయి. ల్యాబ్‌లో ఎన్నడూ అంత స్పష్టంగా రాలేదు. ఇంకొక్క మాట, అనుకుంది ఆమె. ఇంకొక్క మాట రికార్డయితే చాలు. వేలు అక్కడే ఆగిపోయింది.

"వస్తుంది," అన్నాడు తకుమి. "తప్పకుండా వస్తుంది."

"అబద్ధం."

ఇరోహా తండ్రి వెనకనుంచి వచ్చింది. రాక్షసుడికీ తండ్రికీ మధ్య నిలబడి రెండు చేతులూ చాచింది. "మా నాన్న మంచివాడు. మా నాన్న అబద్ధాలాడడు. నువ్వెళ్లిపో."

యంత్రం ఆ పిల్ల ముఖంలోకి వంగింది. "నాన్న మంచివాడు. నిజం. అబద్ధాలాడడు." ఒక్క క్షణం ఆగింది. "అబద్ధం."

తకుమి చేతిలోని సాకే చాప మీద ఒలికిపోయింది. "నీకు తెలుసా?" అని కూతుర్ని అడిగాడు.

ఇరోహా వెనక్కి తిరగలేదు. "ఇంక రానని అమ్మ ఫోన్‌లో చెప్పిన రోజే విన్నాను. వస్తుందని చెప్పుకుంటే నీకు బాగుంటుందేమో అనుకున్నా."

తకుమి కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. "ఇక్కడ మనకేం పని లేదు, పద," అంటూ సుగావారా యంత్రాన్ని గడ్డి తొడుగు పట్టుకుని బయటికి నడిపించాడు.

కాసేపటికి తకుమి గుమ్మంలోకి వచ్చాడు. ఇరోహా అతని చెయ్యి పట్టుకునే ఉంది. మేదిని నడుము వంచి క్షమాపణ చెప్పింది.

"దాన్ని ఆపే వీలు లేదా అండీ?" అని అడిగాడతను. నిలదీస్తున్నట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"లేదండీ," అంది మేదిని. "ఒకసారి మొదలైతే మధ్యలో ఆగదు."

పక్కనే ఉన్న యంత్రం ఆమె వైపు తల తిప్పింది. ఎర్రటి కళ్లు ఆమె ముఖం మీద నిలిచాయి. కొమ్ముల్లో సన్నటి రొద మొదలైంది. తీర్పు చెప్పే ముందు వచ్చే రొద అది, ఒకటిన్నర సెకన్లు ఉంటుంది. ఆ లెక్క పెట్టింది తానే.

మేదిని వేలు మీట నొక్కేసింది.

రాక్షసుడి కళ్లు ఆరిపోయాయి. గడ్డం గుండెల మీదికి వాలింది.

తకుమి ఆమె చేతిలోని రిమోట్ వైపు చూశాడు. ఇరోహా కూడా చూసింది.

"ఉందన్నమాట," అన్నాడతను మెల్లగా. తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకుని, "బయట చలిగా ఉంది. లోపలికి రండి, టీ తాగి వెళ్దురుగాని," అన్నాడు.

సుగావారా అప్పటికే బూట్లు విప్పుతున్నాడు. మేదిని మాత్రం రిమోట్ పట్టుకున్న ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మం అవతలే నిలబడిపోయింది.