గది నాలుగు, వాల్వు తొమ్మిది

ఏజెంట్ రంజిత్‌ను పట్టపగలే ఆర్మూర్ బస్టాండు వెనుక చంపేశారు. అతని దగ్గరి నుంచి చివరగా వచ్చింది ఒక చీటీ. అందులో బ్రాకెట్లో రెండు అంకెలు: (4, 9).

పదకొండూ నలభైకి అతని తోటి ఏజెంట్ పూర్ణిమ చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ శ్రవణ్‌కుమార్ గొంతు వినిపించింది.

"ఎక్కడున్నావు?"

"కోల్డ్ స్టోరేజీల సార్. పసుపు ఏరే కూలీ వేషంల."

"విదేశీ ముఠా అక్కడి కంట్రోల్ సిస్టమ్‌ను పట్టేసింది. తలుపులన్నీ లాక్. పన్నెండుకు ఒక గదిలో అమ్మోనియా వాల్వు తెరుచుకుంటుంది. ఆ గది, వాల్వు నంబర్లే వాళ్ల ప్రోగ్రాంలో చూసి రంజిత్ ఆ చీటీలో ఉన్నదున్నట్టు దించాడు. ఏది గదో, ఏది వాల్వో బయట ఉన్న మన ఏజెంట్ భాగ్యలక్ష్మికి తెలుసు. సరైన వాల్వు మూస్తే లాకులూ విడిపోతాయి. ఒక్కటే ఛాన్స్. తప్పు కమాండ్ పోతే అన్ని వాల్వులూ తెరుచుకుంటాయి."

పసుపు బుట్ట అడుగున దాచిన లాప్‌టాప్ తీసి కంట్రోల్ బాక్సు వైరుకు తగిలించింది పూర్ణిమ. చుట్టూ అరవై మంది కూలీలు. ముసలి నీలవ్వ దగ్గరికొచ్చింది.

"బిడ్డా, గా తలుపు ఎందుకు తెరుస్తలేరు? నాకు దమ్ము ఆడుతలేదు."

"తెరుస్తరు నీలవ్వా. జర కూసో."

తలుపు అద్దానికి అవతల నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో భాగ్యలక్ష్మి నిలబడింది. ఇయర్‌పీస్‌లో ఆమె గొంతు చల్లగా ఉంది.

"రంజిత్ నాతోనే చెప్పిండు. ముందటిది వాల్వు, ఎన్కది గది. జల్ది కొట్టు."

ముఠా తన ప్రోగ్రాంను ఫంక్షనల్ లాంగ్వేజీ అనే ఒక రకం కంప్యూటర్ భాషలో రాసింది. రంజిత్ రాసిన జంట టపుల్: రెండు విలువలు పక్కపక్కన ఉంటాయి, పేర్లుండవు, వరుసే అర్థం. కమాండ్‌లో మాత్రం ప్రతి అంకెకూ డేటా కన్‌స్ట్రక్టర్ తగిలించాలి. అది సంచికి కుట్టిన పేరు లాంటిది. 'గది 4' అని రాస్తే దాన్ని వాల్వుగా ఆ ప్రోగ్రాం వాడనివ్వదు.

పూర్ణిమ టైప్ చేసింది: మూయి (వాల్వు 4, గది 9). కమాండ్ పంపే ముందు, రాసింది సరిపోయిందో లేదో మాత్రమే చూసే కంపైల్ నొక్కింది.

ఎర్రర్. మొదటి చోట గది ఉండాలి, వాల్వు ఇచ్చారు.

పదకొండూ యాభై ఏడు.

"అయితే తిప్పి రాయి," అంది భాగ్యలక్ష్మి వెంటనే. "గది తొమ్మిది, వాల్వు నాలుగు."

తిప్పి రాసింది. ఈసారి కంపైల్ అయింది. పేర్ల వరుస సరిపోతే కంపైలర్‌కు చాలు; అంకె నిజమో కాదో దానికి తెలియదు. కానీ రంజిత్ ఆ అంకెల్ని ప్రోగ్రాంలో చూసి ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ప్రోగ్రాంలో గదే ముందు. అంటే నాలుగే గది.

తలెత్తి చూసింది. అద్దం అవతల భాగ్యలక్ష్మి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. ముక్కుకు గ్యాస్ మాస్కు ఉంది.

చెరిపేసి మళ్లీ కొట్టింది: మూయి (గది 4, వాల్వు 9). కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కింది.

గోడలోపల ఏదో టక్కున బిగుసుకుంది. కొన్ని క్షణాలు వాసన కోసం భయంభయంగా గాలి పీల్చింది. పసుపు వాసన తప్ప ఏదీ లేదు. తలుపుల లాకులు ఒక్కొక్కటే విడిపోయాయి. నీలవ్వ గోడ పట్టుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర కారెక్కబోతున్న భాగ్యలక్ష్మిని చీఫ్ మనుషులు పట్టుకున్నారు.

"ఆమె మీద అనుమానం ఎలా వచ్చింది?" అడిగాడు శ్రవణ్‌కుమార్.

పూర్ణిమ లాప్‌టాప్ మూసింది. "వరుస తప్పని మిషన్ చెప్పింది సార్. అయినా నాలుగే వాల్వు అన్నది మన మనిషే."