మూత చప్పుడుకు రాని పిల్లులు

ఆదిలక్ష్మమ్మ పాలగిన్నె మూతని అరుగు మీద టకటకా కొట్టింది. ధర్మవరంలో ఆ వీధికి పొద్దున అలారం అదే. ఆ చప్పుడు వినపడితే చాలు, గోడల మీంచి, మిద్దె మెట్ల మీంచి, ఎదురింటి ఆటో కింద నుంచి ఆమె పిల్లులన్నీ తోకలు నిక్కబెట్టుకుని ఉరికొస్తాయి. పసుపుది జరీ. తెల్ల ఒంటికి నల్ల తోక ఉన్నది అంచు. ఒళ్ళంతా చుక్కలున్నది బుట్టా. ఎంత తిన్నా బక్కగానే ఉండేది కండె. ఇంకా వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు! మగ్గం నేసే ఇంట్లో పుట్టాయి కదా, అన్నిటికీ పట్టుచీర పేర్లే. వీటన్నిటికీ పెద్దది మాలచ్చిమి, దానికొక్కదానికే దేవత పేరు. ఇప్పుడు నిండు కడుపుతో ఉంది పాపం, నడుస్తుంటే పొట్ట నేలకి తగులుతుంది.

ఈరోజు ఒక్కటీ రాలేదు.

మళ్ళీ కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. వీధి చివర ఎవరో నీళ్ళు చల్లుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ మీద జరీ కూర్చునే చోటు ఖాళీ.

"జరీ! కండే! మాలచ్చిమీ! యాడికి పోతిరే అందరూ?"

భర్త పోయాక ఆ ఇల్లు బావురుమనకుండా చేసింది ఈ పిల్లులే. చపాతీ పిండి కలుపుతుంటే ఒకటి భుజమెక్కుతుంది, టీవీ చూస్తుంటే ఒళ్ళో రెండు, కాళ్ళ మీద ఒకటి. ఆమె కదలకుండా కూర్చుంటుంది, వాటి నిద్ర చెడుతుందని! "ఇన్నెందుకు ఆదిలక్ష్మక్కా?" అని ఎవరైనా అడిగితే, "మగ్గం ఉన్న ఇల్లప్పా ఇది. పిల్లి లేకపోతే ఎలుకలు పట్టుని బతకనిస్తాయా?" అనేది. కానీ అది పైకి చెప్పే మాటే. అవి లేకపోతే తను బతకలేదని ఆమెకి తెలుసు.

కోడలు వనితకి బిడ్డ పుట్టాకే అంతా మారింది. మగ్గం గది చల్లగా ఉంటుందని పాప ఉయ్యాల అక్కడే కట్టారు. బారసాల రోజే వనిత గట్టిగా చెప్పేసింది, ఆ గదిలోకి పిల్లులు రాకూడదని. హిందూపురంలో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్ల. పిల్లి ఎదురొస్తే గోడకి అతుక్కుపోతుంది. ఆదిలక్ష్మమ్మ సరేనంది. గది తలుపు మూసేశారు. పిల్లులు బయట పడ్డాయో లేదో, ఎలుకలు లోపల చేరాయి! మొన్న మగ్గం మీదున్న పెళ్ళిచీర పడుగు దారాలు సగం కొరికేశాయి. అది చూసి కొడుకు బాలాజీ తల పట్టుకుని కూర్చుండిపోయాడు. పిల్లుల్ని మళ్ళీ ఆ గదిలోకి వదులుదామని ఆదిలక్ష్మమ్మ అనగానే, కోపంలో వనిత నోటి నుంచి మాట జారింది. "ఈ ఇంట్లో బిడ్డన్నా ఉండాల, పిల్లులన్నా ఉండాల అత్తా!"

ఇప్పుడా మాటే చెవుల్లో గింగురుమంటోంది.

"ఏం వదినా, ఎవుర్ని పిలుస్తాండావు?" పక్కింటి సిద్ధమ్మ చీపురుతో బయటికొచ్చింది.

"పిల్లులు రాలేదు సిద్ధమ్మా. ఒక్కటీ రాలేదు. నువ్వేమన్నా చూస్తివా?"

సిద్ధమ్మ చీపురు ఆపింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పినానని అనొద్దు. బాలాజీ బస్సుకి పోయినాక నీ కోడలు గోనెసంచి ఎత్తుకోని సందులోకి పోతాండ్య. సంచి కదులుతాండ్య వదినా. ఒక తూరి కాదు, పోతాంది, వస్తాంది. నేను పలకరిస్తే ఇనపడనట్టే పోయ!"

ఆదిలక్ష్మమ్మ చేతిలోంచి మూత జారి కిందపడి గిరగిరా తిరిగింది.

ఇంట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. వనిత వంటింటి గుమ్మంలో పాపని భుజాన వేసుకుని నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. ఇంత ఎండాకాలంలో ఫుల్ చేతుల నైటీ ఏంటి? ఆదిలక్ష్మమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని నైటీ చేతిని పైకి లాగింది. ముంజేతి నుంచి మోచేతి దాకా ఎర్రటి గీతలు. రక్కులు. కొన్నిటి మీద నెత్తురింకా ఆరనేలేదు.

"ఏం చేస్తివే నా పిల్లుల్ని?"

"అత్తా, మెల్లిగా. పాప లేస్తాది."

"చంపేస్తివా? ఏట్లోకి ఇసిరేస్తివా? సంచిలో ఊపిరాడక ఎంత గింజుకున్యాయో! చూడు, నీ చెయ్యే చెప్తాండాది! మాలచ్చిమి కడుపుతో ఉండాది కదమ్మే! నువ్వూ ఒక బిడ్డని కంటివి కదా, నీకు చేతులెట్ల ఆడినాయి?"

వనిత మొహం తెల్లగా పాలిపోయింది. "మాలచ్చిమి..." అని ఆగిపోయింది. అంటే నిజమే. అంటే అయిపోయింది.

ఆమె గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడుపు కూడా రావడంలేదు. "నన్నూ ఆ సంచిలోనే ఎయ్యాల్సింది," అంది పొడిగా.

అంతే, వనిత భళ్ళున ఏడ్చేసింది.

"నేను చంపలేదత్తా! దేవుని తోడు, చంపలేదు! సందులో ఉండే మన పాత షెడ్డులో పెట్టి తాళం ఏసినా. పాలు పోసినా. అన్నీ బతికే ఉండాయి!"

"మరెందుకు పెట్టినావు?"

"నీ కొడుకు రాత్రి మగ్గం గుంతలో ఎలకల మందు పెట్టినాడు. మైదా ముద్దల్లో కలిపి. పొద్దున బస్సుకి పోతా, పాపని ఆ గదిలో పండుకోబెట్టొద్దు, అమ్మకి మాత్రం చెప్పొద్దు, బీపీ లేస్తాది అన్యాడు. తలుపు మూసిందే కదా, పిల్లులకేమైతాది అన్యాడు. ఆ మందు తిన్న ఎలుక బయటికొస్తే? దాన్ని పిల్లి తింటే? ఆయప్పకి ఆ తెలివి లేకపాయ. నాకు భయమేసి ఒక్కోదాన్నే పట్టి తీసకపోయినా. బుట్టా అయితే నన్ను చీరేసింది అత్తా!"

ఆదిలక్ష్మమ్మ ఆ రక్కుల వైపు మళ్ళీ చూసింది. పిల్లి పక్క నుంచి పోతే కెవ్వుమనే పిల్ల! వాటిని చేతుల్తో పట్టిందా?

"అడగంగానే చెప్పొచ్చు కదమ్మే!"

"మాలచ్చిమి దొరకలేదు," వనిత వెక్కుతూ అంది. "వీధంతా ఎతికినా. అది నిన్న మాపటేళ నుంచే కనపడలేదు. మందు తినిందేమో. నీకేమని చెప్పేది? దొరికినాక అన్నీ కలిపి చెప్దామనుకున్యా."

ఆదిలక్ష్మమ్మ కొడుక్కి ఫోన్ చేసింది. అప్పుడే పెనుకొండ దాటాడట. విషయం వినగానే బాలాజీ గొంతు తడబడింది. "మా, నేను ఎలుకల గురించే ఆలోచించినా మా. ఇట్లయితాదనుకోలేదు. వస్తాండా, తిరిగి వస్తాండా!"

ఇక మిగిలింది మగ్గం గదే. పాపని సిద్ధమ్మ చేతికిచ్చి ఇద్దరూ తలుపు ముందు నిలబడ్డారు. ఆదిలక్ష్మమ్మ గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగిపోయింది. తలుపు తీస్తే ఏం కనపడుతుందో! నురగ కక్కుకుని పడి ఉన్న మాలచ్చిమి అప్పటికే కళ్ళముందు కనిపిస్తోంది.

"నువ్వుండత్తా. నేను తీస్తా," అంది వనిత.

లోపల చీకటిగా ఉంది. కిటికీ జాలీ ఒక మూల చిరిగి వేలాడుతోంది. ఆ సందులోంచి పిల్లి దూరొచ్చు! వనిత ఫోన్ లైటు వేసి, పంటి బిగువున మగ్గం గుంతలోకి వంగింది. నేత నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే ఆ గుంతలో పళ్ళెం, పళ్ళెంలో ముద్దలు. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎలుక పళ్ళు కూడా పడలేదు.

"ఒక్క ఎలకా ముట్టలేదత్తా. ఏంటిది?"

అప్పుడు వినిపించింది. కీచుమని, దారం తెగినంత సన్నగా.

ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. ఉయ్యాల. పాప ఉయ్యాల. దాని కింద పట్టు తుంపులు వేసే బుట్ట. ఆ ఎరుపు, పచ్చ, నెమలికంఠం రంగుల దారాల మధ్య రెండు కళ్ళు మెరుస్తున్నాయి. మాలచ్చిమి! దాని పొట్టకి కరుచుకుని తడి తడిగా చిన్న చిన్న పిల్లలు. బుట్ట పక్కన ఒక ఎలుక తోక పడి ఉంది, తోక ఒక్కటే.

ఆదిలక్ష్మమ్మకి ఒక్కసారిగా అర్థమైంది. రాత్రంతా ఇది ఇక్కడే ఉంది. పిల్లి గదిలో ఉంటే ఎలుక బయటికెట్లా వస్తుంది, మందెట్లా ముడుతుంది?

వనితకీ ఇంకొకటి అర్థమైంది. పాప తెల్లారేదాకా పడుకుంది ఈ ఉయ్యాలలోనే. మూరెడు కింద ఈ పిల్లి. పాప ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

మాలచ్చిమి ఆమెని చూసి బుస్సుమంది. ఆదిలక్ష్మమ్మ గాభరాగా, "దూరంగా ఉండమ్మే, పిల్లలు పెట్టింది కదా, కరుస్తాది!" అంది.

వనిత వెనక్కి జరగలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. "భయపడతాండాది అత్తా," అంది మెల్లగా. "బిడ్డని ఎవరైనా తాకుతారేమో అని. నాకు తెలుసు ఆ భయం."

ఆదిలక్ష్మమ్మ కోడలి రక్కుల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇప్పుడొచ్చాయి కన్నీళ్ళు, ధారలుగా. "రామ్మా, మొదులు నీకు మందు పూస్తా, సూదేపిస్తా. నిన్ను ఏమేమి అంటినో..."

"తరువాత పూద్దువులే. ఆ పళ్ళెం నేను తీసి పారేస్తా, నువ్వు పోయి షెడ్డు తాళం తీసి రా. దానికంటే ముందు..." వనిత ముక్కు తుడుచుకుంది. "పాలు వెచ్చజేసి తెస్తా. బాలింత కదా, రాత్రి నుంచి ఆ ఎలక తప్ప ఏం తిన్నదో ఏమో."

ఆదిలక్ష్మమ్మ బయటికెళ్ళి అరుగు కింద పడిన మూతని వెతికి తెచ్చింది. కొంగుతో తుడిచింది. కొట్టబోయి, ఆగి, దాన్ని కోడలి చేతిలో పెట్టింది.