గుత్తి మీదుగా మిలిటరీ స్పెషల్

శ్రీరంగప్ప మాస్టారు బోర్డు మీద ‘ఫెయిర్లీ’, ‘వెరీ’, ‘టూ’ అని రాశాడు. పక్కన ‘హాట్’ అని రాయబోతుండగా కిటికీలోంచి బుల్లెట్ వచ్చి మెడలో దిగింది. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. 1979, విత్తనాల నెల. ఊరు గుత్తి.

వారం తర్వాత సీక్రెట్ సర్వీస్ చీఫ్ తన ఏజెంట్ ఓబుళేసును పిలిపించాడు.

“శ్రీరంగప్ప మన ఇన్ఫార్మర్. శత్రుదేశం ఏజెంటు ఒకడు ఆయన ఇంగ్లీషు చెప్పిన ట్యుటోరియల్‌లో స్టూడెంటుగా ఉన్నాడు. కిటికీ నుంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. రేపు మిలిటరీ స్పెషల్ పోతుంది. అందులో బాంబు. రిమోట్ వాడి దగ్గర.”

“రైలు ఆపితే?”

“ఆగిన చోటే పేలుస్తాడు.”

“క్లాసును అరెస్టు చేస్తే?”

“బటన్ నొక్కడానికి ఎంతసేపు?”

మర్నాడు ఓబుళేసు పెట్టుడు మీసంతో, కొత్త మాస్టారుగా క్లాసుకు వచ్చాడు. వెనక బెంచీలో గాగుల్స్, ధర్మవరం పట్టుచీర. కదిరమ్మ. శత్రువు ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

“ఆయప్ప మొగం నేనూ చూడల్యా అన్నా,” అని గొణిగింది. “ఆర్డర్లొస్తాయి, మనిషి రాడు.”

ఓబుళేసు బోర్డు మీద అవే మూడు మాటలు రాసి పాఠం అందుకున్నాడు. “ఫెయిర్లీ హాట్ అంటే ఓర్చుకోవచ్చు. వెరీ హాట్ అంటే కష్టం. టూ హాట్ అంటే ఇక పని సాగదు.”

రేకుల మీద చినుకులు పడ్డాయి. క్లాసంతా బయటికి ఉరికింది. బయ్యన్న అనే కుర్రాడు కాలి బొటనవేలితో నేల తవ్వి చూశాడు.

“విత్తనానికి పదునైతాదా?” అన్నాడు పక్కవాడు.

“యాడ పదునప్పా! దుమ్మే అణగల్యా.”

“ఇంగ్లీషులో చెప్పండి,” అన్నాడు ఓబుళేసు గుమ్మంలోంచి.

“నాట్ హెవీ ఎనఫ్ సార్!”

లోపల ఒకడు మిగిలాడు. రిజిస్టర్లో పేరు ఎర్రిస్వామి. గొడుగు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“టూ హెవీ సార్. క్లాసు ఆపేద్దామా?”

ఓబుళేసు గార్లదిన్నెలో పుట్టాడు. విత్తనాల నెలలో వాన ఎక్కువైందన్న మనిషిని ఆ సీమలో చూడలేదు. పిస్టల్ తీశాడు.

రైలు కూత వేసింది. గొడుగు మొన పేలింది. ఓబుళేసు భుజం చీలింది. వాడి బొటనవేలు గొడుగు పిడి మీది బటన్ వైపు జరిగింది. కదిరమ్మ కాల్చింది. చెయ్యి మణికట్టు దగ్గర తెగి గొడుగుతో సహా నేల మీద పడింది. వాడు రెండో చేత్తో కత్తి దూసి ఆమె మీదికి దూకాడు. ఓబుళేసు మూడుసార్లు కాల్చాడు. వాడు బోర్డుకు చేరగిలబడి, ‘వెరీ’ని వీపుతో తుడిచేస్తూ కిందికి జారాడు.

కిటికీ బయట మిలిటరీ స్పెషల్ పెట్టె వెంట పెట్టె దాటిపోయింది.

బయ్యన్న గుమ్మంలోకి వచ్చాడు. బోర్డు కింద శవాన్ని చూశాడు. మాస్టారి చేతిలో పిస్టల్ చూశాడు.

“అంత తప్పు చెప్పినాడా సార్?”