అమావాస్య నాడు పోయిన డబ్బా

సోమవారం ఉదయం 11.15. ఎమ్మిగనూరులో ఒక పోలీస్ స్టేషన్.

"డబ్బా పోయింది మేడమ్," అంది గౌరి.

"ఏం డబ్బా?"

"మందుల డబ్బా."

రైటర్ కిసుక్కున నవ్వాడు. ఎస్సై కృపకీ నవ్వొచ్చింది. గౌరి కళ్లు నిండాయి. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టుంది ఆమె పరిస్థితి. కృప సిగ్గుపడింది. ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

గౌరి తల దించుకునే చెప్పింది. పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. లోపం కోడలిదేనని అత్త తాయమ్మ తీర్మానించేసింది. ఈ సాయంత్రం నాలుగు గంటల బస్సుకి ఆదోనిలోని పుట్టింటికి పంపేస్తోంది. ఇక రానక్కర్లేదంది. గౌరి నాలుగుసార్లు ల్యాబ్‌కి పోయి పరీక్షలు చేయించుకున్నా, భర్త ఎర్రిస్వామి మాత్రం రానంటే రానన్నాడు. అందుకే గౌరి ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించింది. మగవాళ్లు ఇంట్లోనే వీర్యం పరీక్ష చేసుకునే కిట్.

"శనివారం ఆయప్పకి చూపిచ్చినా. అసయ్యం, తీసెయ్ అన్నాడు. ట్రంకులో బట్టల కింద పెట్టినా. నిన్న గుడికి పోయొచ్చేలోపల లేదు."

"ఎన్నింటికి పోయినారు?"

"తొమ్మిదిన్నరకి. అత్తా, నేనూ. వచ్చేసరికి పన్నెండు."

"ట్రంకు ఇంకెవరన్నా తీసినారా?"

"పోయేముందు అత్త తీసింది. పట్టుచీర కోసం."

12.20. నేతగాళ్ల వీధి. వాకిట్లో గౌరి బ్యాగు అప్పటికే సర్ది ఉంది.

"డబ్బా గిబ్బా నాకు కనపల్లేదు," అంది తాయమ్మ. "కోడల్ని పంపిస్తాండేది నేనే. కానీ దొంగను కాను."

గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం ఉన్న గదిలో ఎర్రిస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మగ్గం మీద పడుగు దారాలకు అడ్డంగా బంతిపూల దండ వాడిపోయి ఉంది. కృప దాన్ని చూసింది. పట్టించుకోలేదు.

"నిన్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా యాడున్నావప్పా?"

"గుంటలో. నేస్తాన్నా."

"మధ్యలో లేచినావా?"

"లేదు మేడమ్."

"ట్రంకు దగ్గరికి ఎవరన్నా వచ్చినారా?"

"మగ్గం సప్పుడులో ఏం వినపడతాది?"

నిజమే అనిపించింది. కృప ప్రతి మాటా రాసుకుంది. అనుమానమంతా తాయమ్మ మీదే.

3.10. ముగ్గురినీ మగ్గం ముందు కూర్చోబెట్టి స్టేట్‌మెంట్లు చదివింది. ఎర్రిస్వామిది సగం కాకముందే తాయమ్మ లేచింది.

"రేయ్, తిక్క పట్టిందా నీకు? నిన్న అమావాస్య! అమావాస్య నాడు మన ఇంట్లో గుంటలో కాలు పెడ్తామా? పొద్దున్నే పూజ చేసి ఆ పూలు నేనే వేసినా!"

ఎర్రిస్వామి తేలు కుట్టిన దొంగలా గుంట వైపు చూశాడు.

కృప మగ్గం దగ్గరికి వెళ్లింది. దండ ఎక్కడా తెగలేదు. గుంటలోకి వంగి కాళ్లతో తొక్కే చెక్కల వెనక చెయ్యి పెట్టింది. డబ్బా దొరికింది. సీల్ విప్పి ఉంది.

"మగ్గంలో ఉన్నాననేది నువ్వు రోజూ చెప్పే మాటేనప్పా. సిగ్గులో నిన్న ఏ రోజో మర్చిపోయినావు. నేసుంటే ఈ దండ ఇట్లుండదు. నేనూ దీన్ని చూసి వదిలేసినా. నిన్న ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఈ గుంట ఒక్కటే. అందుకే దీంట్లో దాచినావు."

వీర్యకణాలు సరిపడా ఉంటే కిట్ మీద రెండు గీతలు రావాలి. ఒక్కటే ఉంది.

గౌరికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నెలనెలా తన గర్భపరీక్ష కిట్ మీద ఒంటి గీత చూసి ఏడ్చిన మనిషి ఆమె.

"మీరు గుడికి పోయినాంక చేసుకున్నా," అన్నాడు ఎర్రిస్వామి. "సెప్పలేకపోయినా. నిన్ను పంపిస్తాంటే సూస్తా ఊరుకున్నా. సిగ్గుతో సచ్చిపోతాండా గౌరీ."

తాయమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. నాలుగేళ్లుగా అన్న మాటలన్నీ ఆమెకు ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఒక్క పరీక్షతో తేలిపోదు," అంది కృప. "డాక్టరు మళ్లీ చేయిస్తారు. మందులతో బాగయ్యేవీ ఉంటాయి."

3.40. ఎర్రిస్వామి వాకిట్లోని బ్యాగు తెచ్చి లోపల పెట్టాడు. చొక్కా తొడుక్కున్నాడు.

"ఆ బస్సుకే ఇద్దరం పోదాం. ఆదోనిలో ల్యాబ్‌కి." గడప దగ్గర ఆగిపోయాడు. "ఆడ అందరి ముందు పేరు పెట్టి పిలుస్తారు గౌరీ."

గౌరి చెప్పులేసుకుంది.

"నన్ను నాలుగుసార్లు పిలిచినారు. నీ పేరు ఒక్కసారి పిలవనీ."