ఎంగిలి మాస్టారి టికెట్టు

నాకు పుస్తకాలంటే ప్రాణం, పాఠకులంటే చీదర. పద్దెనిమిదేళ్ళు లైబ్రరీలో కేటలాగు రాసినదాన్ని, వాళ్ళు పుస్తకాల్ని ఏం చేస్తారో నాకు తెలుసు. గుర్తు కోసం పేజీల చెవులు మడిచేవాళ్ళు. పేజీల మధ్య గోళ్ళ ముక్కలు దొరికేవి, వెంట్రుకలు దొరికేవి. ఒకసారి ఎండిపోయిన బల్లి తోక కూడా దొరికింది.

వాళ్ళందరిలోకీ రోత మనిషి ఎంగిలి మాస్టారు. ఆ పేరు మేం పెట్టిందే. రిటైరైన లెక్కల మాస్టారాయన. బొటనవేలు మొదలంటా నోట్లో పెట్టి నాకి, ఆ తడితో పేజీ తిప్పేవారు. పైగా ముక్కుపొడుం అలవాటు. ఆయన తిరిగిచ్చిన పుస్తకం మూలలు ఉబ్బి, గోధుమరంగు తిరిగి, పుల్లటి కంపు కొట్టేవి. నేను గుడ్డతో పట్టుకునేదాన్ని. ఆయన పోయారని తెలిసినప్పుడు, పాపం అనుకోవడానికి ముందు హమ్మయ్య అనుకున్నాను. అబద్ధమెందుకు.

అవి లైబ్రరీలకు కొత్తగా కంప్యూటర్లు వస్తున్న రోజులు. మాకూ ఒకటొచ్చింది. దుమ్ము పడకూడదని దాన్ని వెనక గదిలో పెట్టి, కిటికీలకు నల్లతెరలు కట్టారు. పట్టపగలు కూడా ఆ గదిలో చీకటే. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఫ్లాపీ తిరిగేటప్పుడు గరగరమని చప్పుడు. అందులో కాసేపు కూర్చుంటే నాకు తలనొప్పి వచ్చేది.

పుస్తకాలిచ్చే ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి. బతికున్న సభ్యుడి నంబరు వాడితే రికార్డులు కలగాపులగమవుతాయని, మా లైబ్రేరియన్ సారు రద్దయిన టికెట్లలోంచి ఒకటి తీశారు.

"పోయినవాళ్ళొచ్చి పోట్లాడరుగా అమ్మా" అని నవ్వారు. అది ఎంగిలి మాస్టారి టికెట్టు.

సభ్యుడి గడిలో ఆయన నంబరు కొట్టాను. పుస్తకం గడిలో, బల్ల మీద కనబడ్డ నంబరేదో చూసి కొట్టేశాను. పుస్తకం ఇచ్చినట్టు, గడువు పద్నాలుగు రోజులన్నట్టు ఇంగ్లీషులో చూపించింది. సారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆ ట్రయల్‌ని చెరిపేయడం ఇద్దరం మరిచిపోయాం.

ఇంట్లో ఉండేది నేనూ మా చెల్లీ. మూడోరోజు పొద్దున అది పైటకొంగుతో చెవి తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, చెవి తడిగా ఉందే."

"జొల్లు కార్చుకుని ఉంటావు" అని వెక్కిరించాను.

ఐదోరోజుకి రెండు చెవులూ తడే. పదోరోజుకి చెవి అంచులూ వేళ్ళ కొసలూ ఉబ్బాయి. చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. పొర కింద పొర, మధ్యలో జిగురు. గోధుమరంగు మరక. డాక్టరు ఏదో పూతమందిచ్చి పంపేశాడు.

ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచి, నా చెవిలో గుసగుసగా అంది. "మెలకువగానే ఉన్నాను. కదల్లేకపోయాను. ఎవరో నన్ను... తిప్పుతున్నారక్కా."

"తిప్పడమేంటే?"

"ఈ పక్క నుంచి ఆ పక్కకి. నిదానంగా. చదువుకుంటున్నట్టు."

దాని చెయ్యి సబ్బుతో మూడుసార్లు కడిగాను. ఆ కంపు పోలేదు. పుల్లటి కంపు, అడుగున ముక్కుపొడుం. నా తోడబుట్టినదాన్ని, ఒళ్ళో పెట్టుకుని పెంచినదాన్ని, గుడ్డతో పట్టుకున్నాను. ఆ సిగ్గు నాకిప్పటికీ పోలేదు.

పద్నాలుగోరోజు మధ్యాహ్నం, ఆ సాయంత్రం ఆరింటికల్లా తిరిగి రావలసిన పుస్తకాల జాబితా ప్రింటరు కొట్టింది. ఒకటే వరుస. తీసుకున్నది మాస్టారి నంబరు. పుస్తకం నంబరు మళ్ళీ మళ్ళీ చూశాను. అది పుస్తకానిది కాదు, మా చెల్లి టికెట్టు నంబరు! దానికో నవల తీసుకెళ్దామని ఆవేళ టికెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాను. పుస్తకాల నంబర్లూ సభ్యుల నంబర్లూ నాలుగంకెలే. ఏది మనిషో ఏది పుస్తకమో ప్రోగ్రాంకేం తెలుసు?

రికార్డు తెరిచాను. పేరు గడిలో చెల్లి పేరు. రచయిత గడిలో మా నాన్న పేరు. నేను కొట్టలేదు, సారూ కొట్టలేదు. కింద ఇంకో మాటుంది... 'చివరి పేజీలు మిగిలాయి.' సారుని పిలిచి తెర చూపించి, చెల్లి జబ్బు సంగతంతా చెప్పాను.

"అమ్మా, తిరిగొచ్చినట్టు కొట్టెయ్" అన్నారు సారు, గొంతు తగ్గించి.

"పుస్తకం ఎదురుగా లేకుండా రిటర్న్ కొట్టకూడదని రూలు పెట్టింది మీరే సార్."

ఆయన గోడ గడియారం వంక చూశారు. "అయితే... తీసుకురా."

ఆటోలో తీసుకొచ్చేసరికి ఆరుకి ఐదు నిమిషాలు తక్కువ. చెల్లిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. దాని చెవి తళతళా మెరుస్తోంది. చూస్తుండగానే చెవి అంచు మీద సన్నటి తీగలా ఉమ్మి సాగింది... తెగింది. చప్పరింపు చప్పుడు. చాలా దగ్గరగా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నంబరు కొట్టాను.

ఫ్లాపీ గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగర.

తెర మీద పడింది: 'తిరిగి వచ్చింది.'

చెల్లి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. చెవి ముట్టుకు చూశాను. పొడిగా ఉంది. "ఆకలేస్తోందక్కా" అంది. పదిరోజులుగా దాని నోటెంట రాని మాట. గుడ్డ లేదు, ఏమీ లేదు; రెండు చేతులా దాన్ని కావలించుకుని ఏడ్చేశాను.

"అమ్మా" అన్నారు సారు.

తెర మీద అక్షరాలు ఆగలేదు. 'ఈ పుస్తకం కోసం వేచి ఉన్నవారు: పదకొండు.' కింద పదకొండు నంబర్లు. ఒక్కోటీ ఆరంకెలది. మా లైబ్రరీ పుట్టినప్పట్నుంచీ సభ్యుల నంబర్లు నాలుగంకెలు దాటలేదు.

మొదటి నంబరు పక్కన, ఎవరూ మీట ముట్టుకోకుండానే, కొత్త అక్షరాలు పడ్డాయి. 'తీసుకున్నారు.'

చెల్లి నా భుజం మీద తల ఆనించి, నీరసంగా గొణిగింది.

"చెవి అలా మడవకే అక్కా... నొప్పెడుతోంది."

నా చేతులు రెండూ దాని వీపు మీదే ఉన్నాయి.